స్టీరియో (లోతు కనిపించే 3డి) ఫొటోలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కుండీలో పూసిన ఎర్ర మందారాన్ని 60 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోన్‌తో ఒకసారి, 6.5 సెంటీమీటర్లు పక్కకు జరిపి ఇంకోసారి తీశాను. రెండూ కలిపి ఎరుపు-నీలి కళ్లద్దాలతో చూస్తే రెండు నిమిషాలకే తలనొప్పి. పువ్వేమో మిలమిలలాడుతోంది. కళ్లద్దాలు మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. ముందు రెండు ఫొటోల ఎత్తు సరిపోయిందో లేదో చూడండి. మన కళ్లు ముక్కువైపు సులువుగా తిరుగుతాయి కానీ, ఒకటి పైకీ ఇంకోటి కిందికీ చూడమంటే మొరాయిస్తాయి. తలనొప్పి ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. కళ్లద్దాలు తీసేసి, కలిపిన ఫొటోను బాగా పెద్దది చేసి ఒక ఆకు కొనను గమనించండి. ఎర్ర అంచు, నీలి అంచు పక్కపక్కనే ఉండాలి, ఒకదాని కింద ఒకటి కాదు. నాలుగు మూలల్లోనూ ఇలాగే చూడండి. మధ్యలో సరిపోయి మూలల్లో తేడా వస్తే, రెండోసారి తీసేటప్పుడు ఫోన్‌ను పువ్వువైపు తిప్పారన్నమాట. స్టీరియోఫొటో మేకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫొటోలనూ దానంతటదే సరిగ్గా అమర్చే ఆటో ఎలైన్‌మెంట్ దీన్ని చాలావరకు సరిచేస్తుంది. అయినా తీసేటప్పుడే బల్ల మీద స్కేలు పెట్టి, ఫోన్‌ను దానికి ఆనించి తిప్పకుండా జరపడం మేలు. గాలి వీస్తుంటే ఆగండి. ఆకు కదిలితే ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

ఇక మీరు జరిపిన దూరం చాలా ఎక్కువ. అన్నిటికన్నా దగ్గరున్న వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో ముప్పయ్యో వంతు జరిపితే చాలు. 60 సెంటీమీటర్లకు 2 సెంటీమీటర్లే. 6.5 సెంటీమీటర్లు రెండు మీటర్ల అవతల ఉన్నవాటికి సరిపోతుంది. పువ్వు వెనక గోడ ఆనుకునే ఉంటే మాత్రం ఇంకాస్త జరపొచ్చు.

మిలమిలకు కారణం రంగు. ఎర్ర అద్దంలోంచి మందారం వెలుగుతూ, నీలి అద్దంలోంచి దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఏది నిజమో మెదడు తేల్చుకోలేదు. ఎర్ర చీరల ఫొటోలకూ ఇదే చిక్కు. గ్రే అనాగ్లిఫ్‌గా, అంటే రెండు ఫొటోలనూ ముందు నలుపు-తెలుపు చేసి కలిపిన ఎరుపు-నీలి ఫొటోగా మారిస్తే రంగు పోతుంది, చూపు కుదురుతుంది. రంగు వదులుకోలేకపోతే రెండు ఫొటోలనూ పక్కపక్కన ప్రింటు తీసి, ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపే లెన్సుల వ్యూయర్‌లో చూడండి. మందారానికి అదే న్యాయం.

ప్రశ్న: వ్యూయర్‌లో చూసే రెండు ప్రింట్లను ఎంత ఎడంగా అంటించాలి?

జవాబు: రెండింటిలోనూ అన్నిటికన్నా దూరాన ఉన్న ఒకే బిందువును, కొబ్బరిచెట్టు కొసలాంటిది, ఎంచుకుని స్కేలుతో కొలవండి. మామూలు చేతి వ్యూయర్‌కు ఆ ఎడం 63 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. అంతకు బాగా మించితే కళ్లు బయటికి తిరగాల్సి వస్తుంది. లోతు లోపలికి బదులు బయటికి ఉబికినట్టుంటే కుడి ఎడమలు తారుమారయ్యాయి, మార్చి అంటించండి.