బీపీ మిషన్ తీసే ముందు అడగాల్సిన మాట

అమ్మలూ,

నిన్ను నర్సింగ్ విద్యార్థుల సంఘానికి కార్యదర్శిగా ఎన్నుకున్నారని, వచ్చే నెలలోనే మొదటి హెల్త్ క్యాంపు పెడుతున్నారని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇంజక్షన్ చేయాలంటే చేతులు వణుకుతున్నాయి పెద్దమ్మా అని మొదటి ఏడాది ఏడ్చిన పిల్లవేనా నువ్వు! ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది. ఆ భయం ఎందుకో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. ప్రిన్సిపాల్ అనుమతి కాగితం మీద తీసుకో. డబ్బు లెక్క ఇద్దరి చేతుల్లో ఉండాలి. మీటింగ్ జరిగిన రోజే మినిట్స్ రాయించు. క్యాంపులో ట్యూటర్ మీ పక్కనే ఉండాలి.

ఇక అసలు సంగతి. నేను మూడో ఏడాదిలో ఉండగా మే 12న, నైటింగేల్ పుట్టినరోజున, మా సంఘం తరఫున క్యాంపు పెట్టాం. రెండు వందల మందిని చూడాలని పట్టుదల. బీపీ టేబుల్ నాది. లైను ఎంతకీ తరగదు. అరవై దాటిన ఒక తాతగారు వచ్చి కూర్చున్నారు. 128/80 వచ్చింది. చీటీ మీద 'నార్మల్' అని రాసి, "మీకు బీపీ లేదు తాతగారూ" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చల్లగా ఉండు తల్లీ" అని వెళ్ళిపోయారు. ఆ రోజు రెండు వందలు దాటాం. రాత్రి హాస్టల్లో అందరం ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాం.

మూడు నెలల తర్వాత మేల్ మెడికల్ వార్డులో ఈవెనింగ్ డ్యూటీ. పక్షవాతం కేసు వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట లేదు. పక్కన ఆయన భార్య సంచిలోంచి కాగితాలన్నీ తీసి నాకిచ్చింది. వాటిలో నా చీటీ ఉంది, నా చేతిరాతతో. "ఎన్నో ఏళ్ళుగా బీపీ బిళ్ళలు వేసుకునేవారు సిస్టర్. క్యాంపులో లేదన్నారని మానేశారు" అంది. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. నన్ను గుర్తుపట్టనూ లేదు. అది రాసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన డిశ్చార్జి అయ్యేదాకా, నా డ్యూటీ ఉన్న ప్రతిసారీ రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పేదాన్ని. చెప్పని మాట మాత్రం చెప్పనట్టే ఉండిపోయింది.

చూడు, నేను రీడింగ్ తప్పు తీయలేదు. బిళ్ళలు పనిచేస్తున్నాయి కాబట్టే 128 వచ్చింది. "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగి ఉంటే, "మందు బాగా పనిచేస్తోంది, డాక్టర్ చెప్పకుండా ఆపకండి" అని ఉండేదాన్ని. అర నిమిషం పని. లైను పొడుగు చూసి ఆ అర నిమిషం మిగుల్చుకున్నాను. అందుకే ఆ ప్రశ్న చేతికి కఫ్ (బీపీ మిషన్ పట్టీ) కట్టకముందే అడగాలి. 'మీకు బీపీ లేదు' అనే మాట మీ టేబుల్ దగ్గర ఎవరి నోటా రాకూడదు. 'ఈ రోజు రీడింగ్ ఇంత ఉంది' అనండి చాలు.

ఎక్కువ వచ్చినా అంతే, కంగారు పెట్టొద్దు. నడిచి వచ్చిన మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టు. వీపుకు ఆనుకోవాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది, రెండు సైజులు పట్టుకెళ్ళండి. 140/90 దాటితే కాసేపాగి మళ్ళీ చూడండి, అప్పటికీ దిగకపోతే డాక్టర్ దగ్గరికి పంపండి. 180/120 దాటి, ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో ఉంటే చీటీ ఇచ్చి పంపేయడం కాదు, వెంటనే మనిషిని తోడిచ్చి ఆసుపత్రికి పంపాలి.

ఇంకోటి విని నాకు కోపం వచ్చింది. ఖర్చు తగ్గుతుందని షుగర్ టెస్టుకు వేలికి గుచ్చే లాన్సెట్ పెన్ను అందరికీ ఒకటే పెట్టి, సూది మాత్రం మారుస్తారట! వద్దంటే వద్దు. పెన్నుకూ రక్తం అంటుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. పెన్నులు పంచుకోవడం వల్ల ఆ జబ్బు పాకిన సంఘటనలు ఉన్నాయి. ఒకసారి వాడి పారేసే లాన్సెట్లే కొనండి, డబ్బు చాలకపోతే షుగర్ టేబుల్ మానేయండి. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టే పిల్లలుంటే గట్టిగా చెప్పు. వాడిన సూదులు వేసే డబ్బా చేతికి అందేంత దగ్గర ఉండాలి. నీకు సూది గుచ్చుకుంటుందేమోనన్న ఆలోచనకే నా గుండె దడదడలాడుతుంది తల్లీ.

ఎంతమందిని చూశామన్న లెక్క కోసం పరిగెత్తొద్దు. అమెరికా నర్సు లిలియన్ వాల్డ్ గురించి చదివే ఉంటావు. 1893లో న్యూయార్క్ పేదల వాడలో ఇంటి నర్సింగ్ పాఠాలు చెబుతుంటే, ఒక పిల్ల వచ్చి జబ్బుపడ్డ తల్లి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఏడే వాల్డ్ అక్కడికి మకాం మార్చేసింది. మీరు అంత చేయనక్కర్లేదు. ఒక్క వీధిని ఎంచుకుని, వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, డాక్టర్ దగ్గరికి పంపినవాళ్ళు వెళ్ళారో లేదో కనుక్కోండి. ఆ పని జూనియర్లలో ఎక్కువ మాట్లాడని పిల్లలకు ఇచ్చి చూడు, వాళ్ళు ఓపిగ్గా వింటారు.

నైట్ డ్యూటీ దిగి నేరుగా క్యాంపుకు మాత్రం వెళ్ళకు. నిద్ర లేనప్పుడే మనం అడగాల్సింది మర్చిపోతాం. కార్యదర్శివని అన్నీ నెత్తిన వేసుకోకు, టెన్షన్ పడి అన్నం మానేయకు.

క్యాంపు ఫారం ప్రింటుకు ఇచ్చే ముందు నాకు ఫోటో తీసి పంపు. పేరు, వయసు, ఆ తర్వాత గడిలో 'వాడుతున్న మందులు' అని ఉందో లేదో నా కళ్ళతో చూసుకుంటాను.

మీ పెద్దమ్మ