వేర్పాటు కాదు, వేర్పరచడం

సందేహం: అమెరికాలో నల్లజాతివారి సమానత్వ పోరాటం మీద హైస్కూలు పిల్లల కోసం ఒక పుస్తకం అనువదిస్తున్నాను. ‘సెగ్రిగేషన్’ (జాతిని బట్టి మనుషులను వేరుగా ఉంచడం) అన్న మాట పేజీకి రెండుమూడుసార్లు వస్తోంది. ‘వర్ణవివక్ష’ అని రాస్తే ‘డిస్క్రిమినేషన్’కు ఏం మిగులుతుంది? ‘జాతి వేర్పాటు’ అని రాస్తే ఎవరో ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్నట్టుందని మా సంపాదకుడు కొట్టేశారు. ‘వెలి’ అనవచ్చా? ‘నీగ్రో’, ‘కలర్డ్’ అన్నవాటిని ఏం చేయాలి? – ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీ సంపాదకుడు కొట్టేయడం సబబే. కాకపోతే ఆయన చెప్పినదానికన్నా గట్టి కారణం వ్యాకరణంలోనే ఉంది. పొరపడు–పొరపాటు, తడబడు–తడబాటు, తిరగబడు–తిరుగుబాటు. అలాగే వేరుపడు–వేర్పాటు. చివర ‘పాటు’, ‘బాటు’ ఉన్న ఈ మాటలన్నీ ‘పడు’ నుంచి వచ్చాయి. వాటిలో పని దానంతటదే జరుగుతుంది, లేదా ఎవరికి వారు చేసుకుంటారు. అన్నదమ్ములు వేరుపడతారు, రాష్ట్రం వేరుపడుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారు వేరుపడలేదు, వాళ్లను వేర్పరిచారు. ఆ పని చేసింది శాసనసభలు, పోలీసులు, రైలు కంపెనీలు. వేర్పాటు అన్నామంటే వాళ్లంతా వాక్యంలోంచి తప్పుకుంటారు. ‘ఏర్పాటు చేశారు అంటున్నాం కదా’ అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అందుకే దానికి ‘చేశారు’ తగిలించవలసి వచ్చింది.

కాబట్టి ‘జాతులవారీగా వేర్పరచడం’ అనండి, విధానం పేరుగా కావాలంటే ‘వేర్పరిచే విధానం’ అనండి. కొంచెం పొడుగే. కానీ పేజీకి మూడుసార్లు నామవాచకమే రావాలని లేదు. ‘బడులు వేరు చేశారు’, ‘తెల్లవారి బడి, నల్లవారి బడి’ అంటే పిల్లలకు ఇంకా బాగా అందుతుంది. వివక్ష (డిస్క్రిమినేషన్) అన్నది పెద్ద మాట. జీతం తక్కువివ్వడం, ఓటు రాయించుకోకుండా తిప్పి పంపడం, వేరే బెంచీ వేయడం అన్నీ దాని కిందికే వస్తాయి. వేర్పరచడం అందులో ఒక రకం. 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక మొత్తం జాతివివక్ష మీదే అయినా, మూడో అధికరణంలో వేర్పరచడాన్నీ, దక్షిణాఫ్రికాలో జాతులను వేరుచేసి పాలించిన అపార్థీడ్‌నూ విడిగా పేరు పెట్టి ఖండించింది. ఆ తేడాను తెలుగులో చెరిపేయకూడదు.

ఇక వర్ణమా, జాతా? నా ఓటు జాతికే. వర్ణం అనగానే మన పాఠకుడికి చాతుర్వర్ణ్యం గుర్తుకొస్తుంది, అదొక చిక్కు. దానికన్నా పెద్ద చిక్కు, అక్కడి చట్టం కంటికి కనిపించే రంగును చూసింది కాదు. లూసియానా రాష్ట్రం 1890లో రైళ్లలో తెల్లవారికి, నల్లవారికి వేరువేరు పెట్టెలు ఉండాలని చట్టం చేసింది. 1892 జూన్ 7న హోమర్ ప్లెస్సీ న్యూ ఆర్లియన్స్‌లో మొదటి తరగతి టికెట్ కొని తెల్లవారి పెట్టెలో కూర్చున్నాడు. అతని ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిది మందిలో ఒక్కరే నల్లవారు. చూస్తే తెల్లవాడిలాగే ఉండేవాడు. చట్టాన్ని కోర్టుకు ఈడ్చాలని అక్కడి పౌరుల సంఘం ముందే అనుకున్న పథకం కాబట్టి అరెస్టయ్యాడు. రంగు తెలుపే అయినా జైలు తప్పలేదు, దాన్ని వర్ణవివక్ష అంటే పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? ‘జాతి’కీ ఇబ్బంది ఉంది, జాతిపితలో దాని అర్థం వేరు. కానీ ‘నల్లజాతి’, ‘తెల్లజాతి’ అని ముందు ఒక మాట పడగానే ఆ ఇబ్బంది పోతుంది. దక్షిణాఫ్రికా విషయంలో వర్ణవివక్ష అన్నది పత్రికల్లో పాతుకుపోయింది, ఉన్నచోట దాన్ని పీకనక్కర్లేదు.

ప్లెస్సీ కేసులో 1896లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు నుంచి పుట్టిన సూత్రాన్ని ‘వేరు కానీ సమానం’ అని మక్కికి మక్కి దించుతారు. ‘వేరైనా సమానమే’ అనండి, అందులోని దబాయింపు వినిపిస్తుంది. ఒక్క జస్టిస్ హార్లన్ మాత్రం విభేదించి, రాజ్యాంగం ‘కలర్ బ్లైండ్’ అని రాశాడు. దీన్ని ‘వర్ణాంధం’ అన్నారంటే రాజ్యాంగాన్ని కంటి ఆస్పత్రికి పంపినట్టే. ‘మన రాజ్యాంగం రంగు చూడదు’ – అంతే. బడుల విషయంలో ఆ సూత్రం చెల్లదని అదే కోర్టు తేల్చడానికి 1954 మే 17 దాకా పట్టింది.

‘జిమ్ క్రో చట్టాలు’ కూడా వచ్చే ఉంటుంది మీ పుస్తకంలో. జిమ్ క్రో శాసనకర్త కాదు. ముఖానికి మసి పూసుకున్న తెల్ల నటుడు నల్లవారిని వెక్కిరిస్తూ ఆడిన వేషం పేరు. ‘జిమ్ క్రో తెచ్చిన చట్టాలు’ అని మాత్రం రాయకండి.

అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ నగరపు బస్సు ఘట్టంలో అనువాదకులు తరచూ జారిపడేది ‘కేటాయించిన సీట్లు’ దగ్గర. మన ఆర్టీసీ బస్సులో ‘స్త్రీలకు’ అని రాసిన సీటు లాంటిదనుకుని, నల్లజాతి మహిళ రోజా పార్క్స్ తెల్లవారి సీట్లో కూర్చుందని రాసేస్తారు. ఆమె కూర్చున్నది అక్కడ కాదు. ముందు పది సీట్లు తెల్లవారివి. ఆమె వాటి వెనక వరుసలో, నల్లవారు కూర్చోగలిగిన చోటే కూర్చుంది. 1955 డిసెంబరు 1 సాయంత్రం ముందు సీట్లు నిండి ఒక తెల్లాయన నిలబడ్డాడు. ఒకే వరుసలో తెల్లవారు, నల్లవారు కూర్చోకూడదు కాబట్టి ఆ ఒక్కడి కోసం నలుగురూ లేవాలన్నాడు డ్రైవరు. ముగ్గురు లేచారు, ఆమె లేవలేదు. అంటే గీత ఒకచోట నిలిచి ఉండదు, తెల్లవారి సంఖ్యను బట్టి వెనక్కి జరుగుతుంది. డబ్బులు ముందు తలుపు దగ్గర కట్టి, దిగి, వెనక తలుపు నుంచి ఎక్కవలసి రావడం కూడా మామూలే. ‘కేటాయింపు’ అన్న మర్యాదైన మాటలో ఇదంతా పట్టదు. ఆ వాక్యాన్ని విడమరిచి రాయండి.

ఆ తర్వాత డిసెంబరు 5 నుంచి 381 రోజులు సాగినదాన్ని ‘బస్సుల బహిష్కరణ’ అంటున్నాం. వాడుకలో ఉన్నదే, తప్పు కాదు. విదేశీ వస్త్ర బహిష్కరణ మనకు తెలిసిందే కదా. అయితే 1991లో చుండూరులో దళితుల మీద ప్రయోగించిన సాంఘిక బహిష్కరణకూ అదే మాట. ఒకచోట అది బలహీనుడి పోరాటం, ఇంకోచోట బలవంతుడి శిక్ష. పిల్లల పుస్తకంలో నేనైతే ‘నల్లవారు బస్సెక్కడం మానేశారు, పనులకు నడిచివెళ్లారు’ అని రాస్తాను.

‘వెలి’ అన్నది వేరే సంగతి. వెలివేయడమంటే మనలోంచి తీసేయడం, నిప్పూ నీళ్లూ ఆపడం. దక్షిణ రాష్ట్రాల తెల్లవారికి నల్లవారి కష్టం కావాలి. వంటింట్లో, తోటలో, పిల్లల దగ్గర వాళ్లే ఉండాలి, పక్క సీట్లో మాత్రం ఉండకూడదు. కనుక చట్టానికి వెలి పొసగదు. ‘వెలివాడ’ అయితే కొన్నిచోట్ల బాగా అతుకుతుంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఎవరి జాతి ఎక్కడ ఉండాలో గీతలు గీసి, డర్బన్‌లో భారతీయులను ఊరి బయట చాట్స్‌వర్త్‌కు తరలించింది. 1860 నుంచి అక్కడి నేటాలు ప్రాంతపు చెరకుతోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు, వారి వారసులూ ఆ తరలింపుల్లో పడ్డారు. అలాంటి కాలనీని వెలివాడ అంటే అతిశయోక్తి కాదు. 2016లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి పంపేసిన దళిత విద్యార్థులు ఆవరణలో వేసుకున్న శిబిరానికి ఆ పేరే పెట్టుకున్నారు.

‘నీగ్రో’ను రచయిత మాటగా వాడవద్దు. ఆనాటి ఉపన్యాసాల్లో, సంస్థల పేర్లలో ఉంటే ఉంచండి. మార్టిన్ లూథర్ కింగ్ 1963 వాషింగ్టన్ ప్రసంగంలో తనవారిని ఆ మాటతోనే చెప్పుకున్నాడు, దాన్ని దిద్దే హక్కు మనకు లేదు. మిగతాచోట్ల నల్లవారు, నల్లజాతివారు చాలు. ‘కలర్డ్’ అమెరికా సందర్భంలో ఒకప్పుడు నల్లవారికే వాడిన మాట, ఇప్పుడు చిన్నచూపుగా వినిపిస్తుంది. బోర్డు మీద రాసి ఉంటే అలాగే ఉంచండి. దక్షిణాఫ్రికాలో అది చట్టం గుర్తించిన మిశ్రమ సంతతి వర్గం పేరు, నేటికీ చాలామంది తమను తాము అలాగే చెప్పుకుంటారు. దాన్ని ‘రంగుజాతి’ అనో ‘వర్ణ ప్రజలు’ అనో అనువదిస్తే ఎవరి గురించో తెలియదు. కలర్డ్‌లు అని రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరం ఇవ్వండి.