చీఫ్ సెక్రటరీ అయితేనే గెలిచినట్టా?

"ఐఏఎస్‌కు సెలెక్టయినవాళ్లకు చీఫ్ సెక్రటరీ కావడమే కెరీర్‌లో అసలైన విజయమా?" అని అడిగారు. నా దృష్టిలో కానే కాదు. నేను ఉమ్మడి వరంగల్ జిల్లా రెవెన్యూలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైరయ్యాను. ఐఏఎస్‌లను దగ్గరగా చూసినవాడిగా చెప్తున్నాను. వాళ్లు జనానికి చేసే మేలు చాలావరకు సబ్‌కలెక్టర్‌గా, కలెక్టర్‌గా ఉన్నప్పుడే జరుగుతుంది. పదహారేళ్లకు సూపర్ టైమ్ స్కేలు అనే పై గ్రేడు వచ్చి సెక్రటేరియట్‌లో కూర్చున్నాక వాళ్ల టేబుల్ మీదకు వచ్చేవి ఫైళ్లే. ఆ ఫైలు వెనక ఎవరున్నారో కనబడదు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ములుగు వైపు ఒక ఏజెన్సీ (గిరిజన ప్రాంత) గ్రామానికి జమాబందీకి, అంటే ఊరి భూమి లెక్కల తనిఖీకి, వెళ్లాం. సబ్‌కలెక్టర్ వేరే రాష్ట్రం మనిషి, తెలుగు అప్పుడప్పుడే పట్టుబడుతోంది. మామూలుగా అయితే సంతకాలు పెట్టి, భోజనం చేసి వెళ్లిపోతారు. ఈయన చింతచెట్టు కింద పహాణీల (భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసే రికార్డుల) మూట విప్పించి, సర్వే నంబరు సర్వే నంబరూ బిగ్గరగా చదివించారు. ఒక నంబరు దగ్గర అనుభవదారు (భూమి ఎవరి స్వాధీనంలో ఉందో రాసే) కాలమ్‌లో ఊరి షావుకారు పేరొచ్చింది. "ఈ చెలక దున్నేదెవరు?" అన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. కాసేపటికి వెనక నుంచి ఒక కోయ ముసలమ్మ లేచి, "మేమే దున్నుతున్నం సారూ, పేరే ఆయనది" అంది.

ఆయన వెంటనే లేచి అందరినీ చెలక దగ్గరకు నడిపించారు. గట్టు మీద నిలబడి నాతో పంచనామా రాయించారు. వేలిముద్ర వేయించే ముందు మొత్తం చదివి వినిపించమన్నారు. ఆ అమ్మ ప్రతి వాక్యానికీ తల ఊపింది. 1/70 చట్టం ఏజెన్సీలో గిరిజనేతరుడి పేరున భూమి బదిలీ చెల్లదంటుంది. దాని కింద కేసు పెట్టారు, ఆర్డరు కూడా ఆమె వైపే వచ్చింది. కానీ అప్పటికే ఆయనకు బదిలీ అయిపోయింది. భూమి అప్పగించాల్సిన ఆఫీసులో ఫైలు ఏళ్ల తరబడి కదల్లేదు. తర్వాత వచ్చిన అధికారికి ఆ ఊరే తెలియదు, ఇక అడిగేదెవరు?

నా కడుపుమంటంతా ఈ బదిలీల మీదే. కనీసం రెండేళ్లయినా ఒకచోట ఉంచాలని 2014లో ఐఏఎస్ కేడర్ రూల్స్‌నే సవరించారు. అంతకుముందు ఏడాది సుప్రీంకోర్టు కూడా నిర్ణీత పదవీకాలం ఉండాలని చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. జిల్లా అర్థమయ్యేలోపే మనిషిని మార్చేస్తే ఏ మేధావి వచ్చి ఏం లాభం? హనుమకొండలో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫొటోలు చూస్తుంటాను. పహాణీ ఎలా చదవాలో ఆ పిల్లలకు ఎవరైనా చెప్తున్నారా?

పెద్ద హోదాకు వెళ్లి మంచి చేసినవాళ్లు లేరా అంటే, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ గారున్నారు. త్రిపురకు చీఫ్ సెక్రటరీగా, ఢిల్లీలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా చేశారు. మా దగ్గర మాత్రం ఆయనను వెట్టి చాకిరీ విముక్తి కోసం పట్టుబట్టిన మనిషిగానే గుర్తుపెట్టుకున్నాం. సాంఘిక సంక్షేమ శాఖ ప్రిన్సిపల్ సెక్రటరీ అయ్యాక కూడా ఊళ్లు తిరగడం మానలేదు. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీకి వెళ్లినప్పుడు నక్సలైట్లు ఆయనతో పాటు మరికొందరు అధికారులను అపహరించారు. అలాంటి మనిషే రిటైరయ్యాక, ఎన్‌కౌంటర్లతో, హత్యలతో ఉత్తర తెలంగాణ నలిగిపోతున్నప్పుడు, 1997లో పౌర స్పందన వేదిక పెట్టి ఇటు ప్రభుత్వంతోనూ అటు నక్సలైట్లతోనూ మాట్లాడారు. వాళ్లిద్దరి మధ్య 2004 శాంతి చర్చలు జరిగాయంటే అందులో ఆయన శ్రమ చాలా ఉంది. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా సెలెక్టయి ఉంటే, మొదటి పోస్టింగులో ఏజెన్సీ ఇస్తే తప్పించుకోవద్దని చెప్పండి. జమాబందీకి వెళ్లినప్పుడు అనుభవదారు కాలమ్ తప్పకుండా బిగ్గరగా చదివించమనండి.