స్కాట్లండ్ దిగువ లీగుల డిఫెండర్లు

ప్రశ్న: లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్‌గా పేరు తెచ్చుకున్న ఆండీ రాబర్ట్‌సన్ స్కాట్లండ్‌లో అట్టడుగు లీగు నుంచి పైకి వచ్చాడని చదివాను. అక్కడి చిన్న జట్లలో ఆడే డిఫెండర్లు (గోల్ పడకుండా అడ్డుకునే ఆటగాళ్లు) ఆట మీదే బతకగలరా? వారందరికీ అతనిలా ఎదిగే వీలుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు చదివింది నిజమే. అయితే ఆ ఒక్కడిని చూసి మిగిలినవారి బతుకును అంచనా వేయలేము. స్కాట్లండ్ లీగులో ప్రస్తుతం నాలుగు అంచెలు ఉన్నాయి. పైన ఉన్న ప్రీమియర్‌షిప్‌లో 12 జట్లు, దాని దిగువన ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో పదేసి జట్లు ఆడతాయి. చివరి రెండు అంచెల్లోని చాలా జట్లు పార్ట్‌టైమ్ జట్లే. వాటి ఆటగాళ్లు పగలు ఉద్యోగమో చేతిపనో చేసుకుంటూ, వారంలో రెండు సాయంత్రాలు సాధనకు వచ్చి, శనివారం మ్యాచ్ ఆడతారు. నైరుతి కొసన ఉన్న స్ట్రాన్‌రార్ జట్టు ఈశాన్య తీరంలోని పీటర్‌హెడ్‌కు వెళ్లి ఆడవలసి వస్తే ఆ శనివారం చాలావరకు బస్సులోనే గడిచిపోతుంది. క్లబ్బు ఇచ్చే డబ్బు ఇంటి ఖర్చుకు చేదోడు మాత్రమే. ఒప్పందాలు కూడా తరచుగా ఒకటి రెండేళ్లకు మించవు.

డిఫెండర్‌కు ఇందులో ఒక అనుకూలత ఉందని నా అభిప్రాయం. పది జట్ల లీగులో ప్రతి జట్టుతోనూ ఏడాదికి నాలుగుసార్లు తలపడాలి కనుక, ఎదుటి ఫార్వర్డ్ ఏ కాలితో కొడతాడో, ఎటు తిరుగుతాడో రెండో మ్యాచ్‌కే తెలిసిపోతుంది. కాళ్లలో వేగం తగ్గినా ఆ ఎరుకతో నెట్టుకురావచ్చు. కానీ గోల్ కొట్టినవాడి పేరు పత్రికలో వస్తుంది, గోల్ పడకుండా ఆపినవాడి పేరు రాదు. పెద్ద క్లబ్బుల దృష్టిలో పడటం వీరికి కష్టం కావడానికి అదీ ఒక కారణమే.

ఇక రాబర్ట్‌సన్ విషయం. పొట్టిగా ఉన్నాడని స్కాట్లండ్‌లోని పెద్ద క్లబ్బు సెల్టిక్ అతన్ని 15వ ఏట తన యువజట్టు నుంచి పంపించివేసింది. అతను చేరిన క్వీన్స్ పార్క్ 1867లో పుట్టిన క్లబ్బు. స్కాట్లండ్‌లో అదే అన్నింటికన్నా పాతది. ఆట కోసమే ఆట అన్నది దాని నినాదం కాబట్టి ఆటగాళ్లకు జీతం ఇచ్చేది కాదు. 2012-13లో నాలుగో అంచెలో ఆడిన ఆ జట్టుకు సొంత మైదానం మాత్రం యాభై వేల మందికి పైగా పట్టే జాతీయ స్టేడియం హాంప్‌డెన్! మామూలు లీగు మ్యాచ్‌కు వచ్చేది కొన్ని వందల మందే. ఆర్థికంగా కుప్పకూలి అదే అంచెకు దిగివచ్చిన పెద్ద క్లబ్బు రేంజర్స్‌తో ఆడిన రోజు మాత్రం 30 వేలు దాటారు. చేతిలో డబ్బు లేక ఏదైనా పని కావాలని ట్విట్టర్‌లో రాసుకున్న ఈ కుర్రాడు, అదే స్టేడియంలో టికెట్ల కోసం వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే పనిలో కుదిరాడు.

2013లో డండీ యునైటెడ్, మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని హల్ సిటీ అతన్ని తీసుకున్నాయి. హల్‌లో ఉన్న మూడేళ్లలో జట్టు రెండుసార్లు ఇంగ్లండ్ అగ్ర అంచె అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. అయినా 2017లో లివర్‌పూల్ అతన్ని కొనుక్కుంది. 2018లో స్కాట్లండ్ కెప్టెన్ అయ్యాడు, 2019లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు.

అందరికీ ఇది సాధ్యమా అంటే, కాదనే చెప్పాలి. పైకి వెళ్లే దారి ఇరుకు, కిందికి మాత్రం ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. లీగ్ టూలో చివరన నిలిచిన జట్టు ఈ నాలుగు అంచెలకు దిగువనున్న ప్రాంతీయ లీగులైన హైలాండ్, లోలాండ్‌ల నుంచి గెలిచి వచ్చిన జట్టుతో ప్లేఆఫ్ (లీగులో ఎవరు ఉండాలో తేల్చే పోటీ) ఆడే పద్ధతి 2014-15లో మొదలైంది. 2016లో ఈస్ట్ స్టర్లింగ్‌షర్ ఆ పోటీలో ఎడిన్‌బరో సిటీ చేతిలో ఓడి లీగు నుంచే వెళ్లిపోయింది. క్వీన్స్ పార్క్ కూడా 2019లో అమెచ్యూర్ విధానాన్ని వదులుకొని జీతాలిచ్చే క్లబ్బుగా మారి, 2022 నాటికి ఛాంపియన్‌షిప్‌కు చేరింది. కనుక రాబర్ట్‌సన్ తొలి అడుగు వేసిన ఆ జీతంలేని జట్టు ఇప్పుడు లేదు.