సమాధానం: ఐన్‌స్టీన్ టవర్ ఇటుకదా, కాంక్రీటుదా?

ఆర్కిటెక్ట్ ఎరిక్ మెండెల్‌జోన్ జర్మనీలోని పోట్స్‌డామ్‌లో సూర్యుణ్ణి పరిశీలించడానికి కట్టిన ఐన్‌స్టీన్ టవర్‌ను ఒకచోట కాంక్రీటుదని, మరోచోట ఇటుకదని చదివానన్నారు కదండీ. రెండూ ఉన్నాయి. టవర్ చాలామటుకు ఇటుక కట్టుబడే. కాంక్రీటు కొన్ని భాగాలకే. పైన గిలాబా పూయడంతో అంతా ఒకే పోతలా కనిపిస్తుంది. కాంక్రీటు పోయాలంటే అన్ని వంపులకు సెంట్రింగ్ (పోతకు అచ్చు) కొట్టడం మామూలు పని కాదు మరి!

టవర్‌లో వచ్చిన పగుళ్లకు మూలమూ ఈ కలయికే. ఎండకు, తడికి ఇటుకా కాంక్రీటూ ఒకేలా సాగవు. అతుకుల దగ్గర గిలాబా చీలి నీరు దిగింది. 1927కే పెద్ద మరమ్మతు తప్పలేదు, 1997–99లో మళ్లీ చేశారు.

మీ వ్యాసంలో "ఇటుక, కాంక్రీటు కలిసిన కట్టడం" అని రాయండి. తేదీలు కలిపేయకండి: కట్టుబడి 1920ల మొదట్లో, సూర్య పరిశీలనలు 1924 నుంచి.