తొమ్మిదేళ్ళ తమ్ముడు, పదిహేడేళ్ళ అక్కకు తోడు

"మా పాపకు పదమూడేళ్ళు, బాబుకు ఎనిమిదేళ్ళు. సాయంత్రం ట్యూషన్‌కు పాపను ఒక్కదాన్నే పంపవద్దని, బాబును తోడు పంపమని మా అత్తగారు అంటున్నారు. ఇది జాగ్రత్తా, లేక ఆడపిల్ల, మగపిల్లాడు అనే తేడా చూపించడమా?" అని మీరు అడిగారు. తేడా చూపించడమేనని నా జవాబు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు మా ఇంట్లో అలా తోడు వెళ్ళిన పిల్లవాణ్ణి నేనే.

మాది తెనాలికి కొంత దూరంలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న చిన్న ఊరు. 1983లో అక్కకు పదిహేడేళ్ళు, నాకు తొమ్మిదేళ్ళు. ఇంటర్ పూర్తిచేసిన అక్క డిగ్రీకి పంపమని అడిగితే నాన్న ఒప్పుకోలేదు. చాలాసార్లు బతిమాలాక తెనాలిలో టైపు నేర్చుకోవడానికి ఒప్పుకున్నారు, అదీ నన్ను వెంట తీసుకువెళ్ళే షరతు మీద. ఆ రోజుల్లో ఇంటర్ చదివి టైపు లోయర్ పాసైన అమ్మాయికి ఏదో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ ఉండేది. లోయర్ పరీక్షకు నిమిషానికి ముప్పై మాటల వేగం కావాలి. అక్క దీపావళి నాటికే ఆ వేగాన్ని దాటేసింది. సాయంత్రం బ్యాచ్‌లో ఆమె టైపు కొడుతున్నంతసేపూ నేను గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేవాణ్ణి. బస్సు టికెట్టు డబ్బులు మాత్రం నా జేబులోనే ఉండేవి. నాన్న రోజూ వాటిని నా చేతికే ఇచ్చేవారు.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం తుఫాను వాన పట్టుకుంది. మా ఊరి వైపు వెళ్ళే ఆఖరి బస్సు రాలేదు. బస్టాండులో ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే, అక్క బ్యాచ్‌లోనే టైపు నేర్చుకుంటున్న ఒక అబ్బాయి వచ్చి, ఇంకొక బస్సులో అడ్డరోడ్డు దాకా వెళ్ళి అక్కడినుంచి నడవవచ్చని, ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి వెళ్ళిపోయాడు. ఆ సంభాషణ రెండు నిమిషాలైనా సాగలేదు.

అడ్డరోడ్డు దగ్గర దిగేసరికి చీకటి పడింది. అక్కడినుంచి రెండు కిలోమీటర్లు కాలువ గట్టు మీద నడవాలి. తూము దగ్గర గట్టుకు చిన్న గండి పడి, అక్క మోకాళ్ళ లోతున నీళ్ళు పారుతున్నాయి. నేను భయపడి ఏడవడం మొదలుపెట్టాను. అక్క ఓణీ నడుముకు బిగించి, టైపు కాగితాలున్న ప్లాస్టిక్ సంచి నా మెడకు తగిలించి, నన్ను వీపున ఎక్కించుకుని, ఒక్కొక్క అడుగూ కాలితో తడిమి చూసుకుంటూ ఆ గండి దాటింది. నా చెప్పు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోయింది. అవతలికి చేరాక కూడా నేను దిగనంటే, ఊరి మొదటి ఇల్లు కనబడేదాకా అలాగే మోసింది. అక్కడ మాత్రం దించింది. తోడు వెళ్ళిన తమ్ముడు వీపున రావడం ఎవరైనా చూస్తే నాకు నామోషీ అని ఆమెకు తోచింది.

నాన్న లాంతరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "ఏరా, అక్కను జాగ్రత్తగా తీసుకొచ్చావా?" అన్నారు. అక్క వైపు తిరిగి, "ఏమే, ఇంత ఆలస్యమేమిటి?" అన్నారు. అమ్మ నా తల తుడిచి వేడి పాలు ఇచ్చింది. అక్క బట్టలు మార్చుకుని, తడిసిన పుల్లలతో పొయ్యి రాజేయడానికి కూర్చుంది. నాన్న ప్రశ్నకు నేను "ఆఁ" అన్నాను. ఆ సమయంలో అది అబద్ధమని కూడా నాకు అనిపించలేదు.

రెండు రోజుల తర్వాత నాన్న నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, దారిలో అక్కతో ఎవరైనా మాట్లాడుతున్నారా అని అడిగారు. నాన్న నన్ను పెద్దవాడిలా పక్కన కూర్చోబెట్టుకుని అడగడం అదే మొదటిసారి. ఆ గర్వంలో బస్టాండులో బస్సు చూపించిన అబ్బాయి సంగతి చెప్పేశాను. వాన సంగతి, గండి సంగతి ఆయన అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. మర్నాటి నుంచి అక్క టైపు మానేసింది. అప్పటికే పరీక్ష ఫీజు కట్టి ఉంది. నాన్న కేకలు వేయలేదు, అక్కను పిలిచి ఏం జరిగిందని ఒక్క మాటైనా అడగలేదు. ఆరు నెలల తర్వాత, 1984 మే నెలలో, ఆమె పెళ్ళి జరిగింది.

పిల్లల పెంపకంలో తేడా అనగానే అందరూ బొమ్మల గురించి, బట్టల రంగుల గురించి, వంటపని గురించి మాట్లాడుతారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. అయితే అసలు తేడా, దారి తెలియని పిల్లవాడి చేతికి డబ్బులూ తీర్పూ ఇచ్చి, దారి తెలిసిన పిల్లను వాడి వెనకాల నడిపించడంలో ఉంది. నా ఈడు మగవాళ్ళలో చాలామంది తెలియని విషయాల్లో కూడా నిర్ణయాలు చెప్పడానికి వెనకాడకపోవడానికి కారణం ఈ పెంపకమేనని నా నమ్మకం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ఆరేళ్ళ పిల్లల నుంచే లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేస్తున్నవారిలో ఆడవారు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. ఆ అంకెలు చూసినప్పుడు నాకు ఆ రాత్రి అక్క ముందున్న తడి పుల్లల పొయ్యి గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు కాలం మారిందనే వాళ్ళతో నేను ఏకీభవించను. మా అమ్మాయి చదివిన కాలేజీలో ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకే మూసేవారు, మగపిల్లలు మాత్రం రాత్రి పది దాకా బయట తిరగవచ్చు. అల్లరి చేసేవాళ్ళు బయట ఉన్నారని తెలిసి కూడా చదువుకునేవాళ్ళను లోపల పెట్టి తాళం వేయడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. "మా అమ్మాయిని అబ్బాయిలా పెంచాం" అని గొప్పగా చెప్పుకునే తల్లిదండ్రులను చూసినా నాకు బాధగానే ఉంటుంది. మా అక్క ఆ గట్టు మీద చూపిన నిబ్బరం అబ్బాయిలా పెంచితే వచ్చింది కాదు.

ఈ అలవాటు పెద్దయ్యాక కూడా పోదు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పిత్రార్జిత ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. అక్క ఏడాదికి పైగా తేడాతో ఆ హక్కుకు దూరమైంది. పెళ్ళయిన కూతుళ్ళకు కూడా ఆ హక్కు 2005లో వచ్చిన కేంద్ర సవరణతో దక్కింది. నాన్న పోయాక 2011లో పొలం పంపకాలకు కూర్చున్నప్పుడు, మా పెద్దలు అక్క ఎదురుగానే ఉన్నా నా వైపు తిరిగి, "అక్కకు ఏమిద్దామనుకుంటున్నావురా?" అని అడిగారు. మళ్ళీ నన్నే అడిగారు. ఆమె వాటా ఆమెదని, ఇవ్వడానికి నేనెవరినని అన్నాను. గండి సంగతి కూడా ఆ రోజే అందరి ముందూ చెప్పాను. అక్క, "అదంతా ఇప్పుడెందుకురా," అని లేచి లోపలికి వెళ్ళింది.

ఆ పంపకాల కాగితాలకు సంబంధించిన ఒక ఉత్తరాన్ని నేను ల్యాప్‌టాప్‌లో రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొడుతుంటే, చూసి చూసి అక్క నన్ను జరగమంది. కీబోర్డు వైపు చూడకుండానే ఆమె ఎడమచేతి వేళ్ళు ఎ, ఎస్, డి, ఎఫ్ అక్షరాల మీద కుదురుకున్నాయి. మొదట తడబడింది, తర్వాత నేను చెబుతుంటే అందుకోగలిగింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె టైపు మిషను ముట్టుకోలేదు.

ఇక మీ ఇంటి సంగతి. చీకటి పడ్డాక ట్యూషన్ అయితే, వీలున్నంతవరకు మీరో మీ వారో వెళ్ళి తీసుకురండి. ఆ పని పెద్దవాళ్ళది. ఇద్దరు పిల్లలూ కలిసి వెళ్ళవలసి వస్తే వెళ్ళనివ్వండి. ఆటో డబ్బులు, ఫోను, ఇంటి తాళం మాత్రం పాప చేతికి ఇవ్వండి. "అక్క చెప్పినట్టు విను, అక్క చెయ్యి వదలకు" అని మీ అత్తగారు వింటుండగానే బాబుతో చెప్పండి. వాళ్ళు తిరిగి వచ్చాక దారిలో ఏం జరిగిందో పాపను అడగండి. ఆమె గురించి బాబును విడిగా కూర్చోబెట్టి మాత్రం ఎప్పుడూ ఏమీ అడగవద్దు.