క్వాంటమ్ డాట్‌లో కరెంట్ ఆగాల్సిన చోట ఎందుకు పెరుగుతుంది?

"కూలంబ్ బ్లాకేడ్ ఉంటే కరెంట్ పోకూడదు కదా, ఇంకా చల్లబరిస్తే పెరగడమేమిటి?" అని అడిగారు. కూలంబ్ బ్లాకేడ్ అంటే, లోపలున్న ఎలక్ట్రాన్ల వికర్షణ కొత్తదాన్ని రానివ్వకపోవడం. నా పీహెచ్‌డీలో ఎక్కువ భాగం దీనితోనే గడిచింది, చూసింది చూసినట్టు చెబుతాను. మీరు అడిగింది కొండో ఎఫెక్ట్ గురించి.

ముందు డాట్ సంగతి. గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్లు కలిసేచోట ఎలక్ట్రాన్లు పల్చటి పొరగా చేరతాయి. పైనున్న గేట్లకు (లోహపు పట్టీలకు) నెగటివ్ వోల్టేజ్ ఇచ్చి చుట్టూ ఉన్నవాటిని తరిమేస్తే, మధ్యలో వంద నానోమీటర్ల స్థాయి చోటు మిగులుతుంది; అదే క్వాంటమ్ డాట్. అందులోకి ఇంకో ఎలక్ట్రాన్ దూరాలంటే లోపలివాటి వికర్షణను దాటాలి. మా డాట్‌లో అందుకు దాదాపు 1 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్ కావాలి. 4 కెల్విన్ దగ్గర వేడి వల్ల దొరికేది అందులో మూడో వంతు. అందుకే గేట్ వోల్టేజ్ మారుస్తూ పోతే కరెంట్ గ్రాఫ్ శిఖరం, లోయ, శిఖరం, లోయగా వస్తుంది. శిఖరం దాటినప్పుడల్లా లోపల ఒక ఎలక్ట్రాన్ పెరుగుతుంది.

ఇక డైల్యూషన్ ఫ్రిజ్‌లో (మిల్లీకెల్విన్ల దాకా చల్లబరిచే యంత్రంలో) ఉష్ణోగ్రత దించుతూ, గేట్ వోల్టేజ్ మార్చే అదే స్వీప్ మళ్ళీ మళ్ళీ తీస్తాం. ఒక లోయ ఇంకా లోతవుతుంది. దాని పక్కది పూడుకుంటూ పైకి లేస్తుంది. ఆ తర్వాతది మళ్ళీ లోతుకే పోతుంది. స్క్రీన్ మీద అలా ఒకటి విడిచి ఒకటి లేవడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

పైకి లేచే లోయల్లో డాట్‌లోని ఎలక్ట్రాన్లు బేసి సంఖ్యలో ఉంటాయి, అంటే ఒకదానికి జత ఉండదు. లీడ్స్‌లోని, అంటే డాట్‌కు రెండు వైపులా కరెంట్ తెచ్చే భాగాల్లోని, ఎలక్ట్రాన్లు దానితో స్పిన్ (ఎలక్ట్రాన్‌కుండే చిన్న అయస్కాంత గుణం) మార్చుకుంటూ ఉంటాయి. బాగా చల్లబడ్డాక ఆ స్పిన్, లీడ్స్‌లోని అసంఖ్యాకమైన ఎలక్ట్రాన్లు కలిసి ఒకే సింగ్లెట్ స్థితి (స్పిన్‌లు ఒకదాన్నొకటి రద్దుచేసుకున్న స్థితి) అవుతాయి. అది ఒక్క ఎలక్ట్రాన్ సొత్తు కాదు, రెండు లీడ్స్‌లోకీ పాకిన ఉమ్మడి స్థితి. కరెంట్‌కు దారి అక్కడే దొరుకుతుంది. ఇదే కొండో ఎఫెక్ట్.

అయస్కాంత మలినాలున్న లోహంలో ఇదే చర్య నిరోధాన్ని పెంచుతుంది. 1964లో జున్ కొండో వివరించింది ఆ పెరుగుదలనే. డాట్‌లో మాత్రం అవతలికి చేరాలంటే ఆ స్పిన్ మీదుగానే పోవాలి, కాబట్టి ఫలితం తిరగబడుతుంది. దీన్ని 1988లోనే లెక్కగట్టి చెప్పారు. 1998లో ఎంఐటీలో గోల్డ్‌హేబర్-గోర్డన్ వాళ్ళు, డెల్ఫ్ట్‌లో కౌవెన్‌హోవెన్ బృందం చూపించారు. 2000లో డెల్ఫ్ట్‌లోనే ఆ లోయ పూర్తిగా పూడి, ఒక్క మార్గానికి క్వాంటమ్ మెకానిక్స్ అనుమతించే గరిష్ఠ కండక్టెన్స్‌ను (కరెంట్ ఎంత తేలిగ్గా పోతుందనే కొలతను) అందుకుంది.

మీరే కొలిచే పనైతే, జీరో బయాస్ (లీడ్స్ మధ్య వోల్టేజ్ సున్నా) దగ్గర శిఖరం కనపడగానే కొండో అనేయకండి. అయస్కాంత క్షేత్రం పెంచి అది రెండుగా చీలుతుందేమో చూడండి. థర్మామీటర్ 20 మిల్లీకెల్విన్ చూపిస్తున్నా, తీగల వెంట దిగే నాయిస్‌తో ఎలక్ట్రాన్లు అంతకన్నా చాలా వేడిగా ఉండొచ్చు. లోయ పూడటం మధ్యలో ఆగిపోతే శాంపిల్‌ను అనుమానించే ముందు ఫిల్టర్లు, గ్రౌండింగ్ సరిచూసుకోండి.